టెక్సాస్ ఓటింగ్ సేవ: ఇప్పుడున్నదీ, దాని స్థానంలో తేజూస్తున్నదీ

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. పౌరసత్వం వచ్చిన తరవాత ఇక్కడి ఎన్నికల సేవను నాలుగైదుసార్లు వాడుకున్నాను. హోటల్లో బిర్యానీ గురించీ, ఇంటికి రంగులు వేసిపోయినవాళ్ల గురించీ ఓపిగ్గా అభిప్రాయాలు రాసే మనం, మన ఓటును తీసుకుని లెక్కపెట్టే సేవ గురించి మాత్రం ఎప్పుడూ రాయం. ఇప్పుడు రాయవలసి వచ్చిన కారణం ఏమిటంటే, ఈ సేవకు మరో తాళం బిగించాలన్న ప్రతిపాదన ఒకటి 2024 మే నెలలో శాన్ ఆంటోనియోలో జరిగిన టెక్సాస్ రిపబ్లికన్ పార్టీ మహాసభ విధాన పత్రంలోకి ఎక్కింది. గవర్నరు మొదలుకొని రాష్ట్రం మొత్తం ఓటు వేసి ఎన్నుకునే ఏ పదవికైనా, అభ్యర్థి ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే చాలదు, రాష్ట్రంలోని 254 కౌంటీలలో (మన జిల్లాలలాంటివి) సగానికి పైగా కూడా గెలవాలి, అందులో ప్రతి కౌంటీకీ ఒకే ఒక్క ఓటు ఉంటుంది అన్నది దాని సారాంశం. అంటే కనీసం 128 కౌంటీలు చేతికి రావాలి. పార్టీ విధాన పత్రం చట్టం కాదు, ఎవరినీ కట్టిపడేయదు. అయినా దుకాణంలో ముందువరస అరలో పెట్టిన సరుకును కొనకపోయినా తిప్పి చూడవచ్చు కాబట్టి, ఉన్న సేవనూ తేజూస్తున్న సేవనూ పక్కపక్కన పెట్టి సమీక్షిస్తున్నాను.

ముందుగా ఉన్నదాని సంగతి. 2024 నవంబరు ఎన్నికకు ముందస్తు ఓటింగ్ అక్టోబరు 21న మొదలై నవంబరు 1 దాకా నడిచింది. పని రోజుల్లోనే కాక శని ఆదివారాల్లో కూడా వేయవచ్చు, కౌంటీలో ఏ కేంద్రానికైనా వెళ్లవచ్చు. ఈ ఒక్క వసతికే నేను ఒక నక్షత్రం ఇచ్చేస్తాను. మా ఊరిది కొంత భాగం కాలిన్ కౌంటీలో, కొంత భాగం డెంటన్ కౌంటీలో ఉండటం వల్ల కొత్తవాళ్లు తికమకపడతారు. మొదటిసారి నేను ఇంటికి దగ్గరగా ఉందని ఒక కేంద్రానికి వెళ్లి, ముప్పావుగంట వరసలో నిలబడ్డాక అది పక్క కౌంటీవాళ్లదని తెలుసుకుని వెనక్కి వచ్చాను. ముందుగా చూసుకోకపోవడం నా తప్పే, అయితే వరస మొదట్లోనే ఒక బోర్డు పెట్టి ఉంటే బాగుండేది.

లోపల బల్ల దగ్గర ఉన్న పెద్దావిడ నా డ్రైవింగ్ లైసెన్సునూ తెర మీది పేరునూ రెండుసార్లు పోల్చి చూసింది. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు ఇక్కడి దస్తావేజుల్లో ఎన్ని రూపాలు ఎత్తుతుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. లైసెన్సులో నా పేరు రెండు ముక్కలైంది, ఓటర్ల జాబితాలో కలిసిపోయింది. ఆవిడ విసుక్కోకుండా, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే చోట పొడి అక్షరాలు వేయించుకుని చేతికి కాగితం ఇచ్చింది. మా అత్తగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, తెలుగులో బ్యాలెట్టు లేదు. అయినా ఓటరు తనకు నచ్చినవారిని తోడు తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, తోడు వచ్చినవారు మాత్రం ఓటరు ఇష్టాన్ని మార్చబోమని ప్రమాణం చేయాలి. మా ఆవిడ ఆ ప్రమాణం చేసి, ఒక్కో పేరూ చదివి వినిపించింది. టెక్సాస్‌లో ఒకే మీట నొక్కి పార్టీకంతటికీ ఓటు వేసే పద్ధతిని 2020 నుంచి తీసేశారు కాబట్టి, అధ్యక్షుడి దగ్గర నుంచి న్యాయమూర్తుల దాకా ఒక్కొక్కరినీ విడిగా ఎంచుకోవాలి. రైల్‌రోడ్ కమిషనరు అన్న పదవి దగ్గర అత్తగారు ఆగి, "రైళ్లకు కూడా ఎన్నికలేనా?" అని అడిగింది. ఆ కమిషను చూసేది రైళ్లను కాదు, చమురునూ సహజవాయువునూ. పేరు మార్చడానికి ఎవరికీ మనసు రాలేదు. చివరికి ఎంచుకున్న పేర్లు కాగితం మీద అచ్చయి వచ్చాక, వాటిని మళ్లీ ఒకసారి చదివించుకుని తన చేత్తోనే స్కానర్‌లో పెట్టింది.

నేను ఈ సేవను కొలిచే కొలబద్ద ఏమిటో ఇక్కడ చెప్పాలి. మల్కాజిగిరిలో మా నాన్నకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. తూనికలు కొలతల శాఖవాళ్లు రాళ్లన్నీ తెప్పించుకుని, తూచి, ముద్ర కొట్టి ఇచ్చేవారు. ముద్ర లేని రాయి తక్కెడలో కనబడితే జరిమానా పడేది. దుకాణం శుభ్రంగా ఉందా, నాన్న నవ్వుతూ మాట్లాడతాడా, చిల్లర సరిగ్గా ఇస్తాడా అన్నవన్నీ తరవాతి మాటలు. ముందు కిలో రాయి అందరికీ కిలోగానే ఉండాలి. ఆ లెక్కన చూస్తే, బోర్డు లేకపోయినా, వరస పొడవైనా, తెలుగు బ్యాలెట్టు లేకపోయినా, గవర్నరు ఎన్నికలో ఈ సేవ అసలు పనిని సరిగ్గా చేస్తోంది. మా అత్తగారి ఓటు, హ్యూస్టన్‌లో ఓడరేవు కూలీ ఓటు, పశ్చిమాన పశువులు కాచుకునేవాడి ఓటు ఒకే రాయితో తూగుతున్నాయి.

కొత్త ప్రతిపాదనలో మారేది ఆ రాయే. 2020 జనాభా లెక్కల ప్రకారం హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 47,31,145 మంది ఉన్నారు. న్యూ మెక్సికో సరిహద్దున ఉన్న లవింగ్ కౌంటీలో 64 మంది ఉన్నారు. అరవై నాలుగు వేలు కాదు, అరవై నలుగురే. వారంతా కలిసి ఒక పెళ్లికి వస్తే ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించవచ్చు. ప్రతిపాదన ప్రకారం ఈ రెండు కౌంటీలకూ చెరో ఓటు. హారిస్, డల్లాస్, టారంట్, బెక్సార్, ట్రావిస్ అనే అయిదు కౌంటీలలోనే రాష్ట్ర జనాభాలో నూటికి 43 మందికి పైగా ఉన్నారు. కౌంటీల లెక్కలో వారికి వచ్చేది 254లో 5. మరోవైపు నుంచి చూస్తే, జనాభాలో అన్నిటికన్నా చిన్నవైన 128 కౌంటీలను కలిపినా రాష్ట్ర జనాభాలో అయిదు శాతం కూడా కాదు. అంటే నూటికి తొంభై అయిదుమంది ఉన్న మిగతా కౌంటీలన్నీ ఏకమై ఒక్క అభ్యర్థినే కోరుకున్నా, ఆ చిన్న కౌంటీలు తలుపు మూయగలవు.

ఇక్కడ ఒక విషయం సరిగ్గా చెప్పాలి, లేకపోతే సరుకును అన్యాయంగా తిట్టినట్టవుతుంది. కౌంటీల గెలుపు అన్నది ప్రజల ఓటుకు బదులుగా కాక, దానికి అదనంగా పెట్టిన షరతు. కాబట్టి తక్కువ ఓట్లు వచ్చినవాడు కౌంటీల బలంతో నేరుగా గద్దెనెక్కుతాడని ఆ వాక్యం చెప్పదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఎక్కకుండా ఆపవచ్చు అని మాత్రమే చెబుతుంది. సరే, ఆపిన తరవాత ఏమిటి? ఒకరు ఓట్లు గెలిచి, ఇంకొకరు కౌంటీలు గెలిస్తే గవర్నరు ఎవరు? మళ్లీ ఎన్నిక పెడతారా, చట్టసభ తేలుస్తుందా, పాత గవర్నరే కొనసాగుతాడా? దానికి జవాబు ఆ ప్రతిపాదనలో లేదు. నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేస్తాను. "రెండు షరతులూ ఒకరికే కుదరకపోతే?" అన్న మొదటి ప్రశ్నకే జవాబు లేని వస్తువును మా ఆఫీసులో రెండో బల్ల దాకా కూడా పోనివ్వరు.

ఈ షరతు ఎవరిని ఆపుతుందో తెలుసుకోవడానికి జాతకం చూడనక్కర్లేదు. 2018 అమెరికా సెనేట్ ఎన్నికలో డెమోక్రాట్ అభ్యర్థి బీటో ఒరూర్క్ 48.3 శాతం ఓట్లు తెచ్చుకున్నారు, గెలిచిన కౌంటీలు మాత్రం 32. ఆయనకు ఇంకో రెండు మూడు శాతం కలిసివచ్చి ఓట్లలో గెలిచి ఉన్నా, 128 అన్న అంకె కనుచూపుమేరలో ఉండేది కాదు. 2022లో గవర్నరు గ్రెగ్ అబాట్ 54.8 శాతం ఓట్లతో 235 కౌంటీలు గెలిచారు. ఈ రాష్ట్రంలో డెమోక్రాట్లు రాష్ట్రస్థాయి పదవి గెలిచి 1994 నుంచి ముప్పై ఏళ్లు దాటింది. అంటే ఇప్పుడు గెలుస్తున్న పార్టీకి ఈ షరతుతో పనే లేదు. వర్షం పడని రోజున గొడుగు కొంటున్నారంటే మబ్బు కనబడుతోందని అర్థం. నగరాలూ, వాటి చుట్టూ మా ఫ్రిస్కోలాంటి ఊళ్లూ పెరుగుతున్న వేగమే ఆ మబ్బు. ఆ పెరుగుదలలో తెలుగువాళ్ల వంతు కూడా ఉందని మా వీధిలో సంక్రాంతికి ముగ్గులు చూసినవారెవరైనా చెబుతారు.

అయితే ఈ సరుకు కావాలనేవాళ్లందరూ లెక్కలు వేసుకునే రాజకీయులే అనుకోవడం పొరపాటు. నాకు అన్నలాంటి ఒక డాక్టరుగారు పశ్చిమ టెక్సాస్‌లో ఒక చిన్న కౌంటీలో ఉన్నారు. వీసా షరతు మీద మూడేళ్లకని వెళ్లి, ఆ ఊరిని వదలలేక అక్కడే స్థిరపడిపోయారు. ఆయనకు ఫోన్ చేసి ఈ ప్రతిపాదన సంగతి కదిపాను.

"మా దగ్గర ప్రసవానికి గంటన్నర కారులో పోవాలి తమ్ముడూ" అన్నారు. "గవర్నరుకి నిలబడేవాళ్లు హ్యూస్టన్‌లో ఒక హాలు నింపితే మా పది కౌంటీలంత జనం. ఇటెందుకొస్తారు? కౌంటీకో ఓటని పెడితే రాక చస్తారా?"

ఆ బాధ నిజమైనదే. పల్లెలో ఆసుపత్రి మూతపడితే దాని వార్త నగరం దాకా రాదు. మన దగ్గర కూడా ఎన్నికల ముందు తప్ప మంత్రి కారు ఎక్కని మట్టిరోడ్లు ఎన్నో ఉన్నాయి. కానీ ఈ సరుకు ఆ జబ్బుకు మందేనా అని చూస్తే, కాదనే తేలుతుంది. ఆయన కౌంటీలో నూటికి ఎనభైమంది ఒకే పార్టీకి వేస్తారు. ఆ కౌంటీ ఓటు ఎటు పడుతుందో ముందే తెలిసినప్పుడు, ఆ పార్టీవాడికి అక్కడికి వెళ్లవలసిన పని లేదు, అవతలి పార్టీవాడికి వెళ్లి ప్రయోజనం లేదు. ఇప్పుడైతే ఇరవైని ఇరవై అయిదు చేసుకున్నా ఆ అయిదూ రాష్ట్రం మొత్తంలో కలుస్తాయి. కౌంటీ లెక్కలో ఇరవై అయిదుకూ సున్నాకూ తేడా లేదు. ఇదే మాట ఆయనతో అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత నవ్వి, "నేనా ఎనభైలో లేను గదరా" అన్నారు.

ఈ సున్నా నగరాల్లో ఇంకా పెద్దదిగా పడుతుంది. ప్రతిపాదన తెచ్చినవారు దాన్ని గమనించారో లేదో తెలియదు. 2020లో హారిస్ కౌంటీలో డోనాల్డ్ ట్రంప్‌కు 7,00,630 ఓట్లు వచ్చాయి. ఆ కౌంటీని బైడెన్ గెలిచారు, కానీ టెక్సాస్‌లో ట్రంప్‌కు అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు ఇచ్చిన కౌంటీ కూడా అదే. కౌంటీల తక్కెడలో ఆ ఏడు లక్షల మంది బరువు సున్నా. లవింగ్ కౌంటీలో ముప్పై ముగ్గురు ఒక మాట మీద ఉంటే వారిది మాత్రం నిండు రాయి. అంత చిన్న కౌంటీలో ఓటర్లు నిజంగా అక్కడే కాపురముంటున్నారా లేదా అన్న తగాదాలు ఇప్పటికే కోర్టు మెట్లెక్కాయి. రాష్ట్ర గవర్నరు పదవిలో 254వ వంతు అక్కడ దొరుకుతుందంటే నాలుగు కారవాన్లు తెచ్చి నిలపడానికి ఎవరు వెనకాడతారు?

సరుకు కొత్తదేమీ కాదు, వాడి పారేసినదే. దీని పాత నమూనా జార్జియా రాష్ట్రంలో 1917 నీల్ ప్రైమరీ చట్టం కింద అమల్లోకి వచ్చి దాదాపు నలభై అయిదేళ్లు నడిచింది. అప్పట్లో అక్కడ డెమోక్రటిక్ పార్టీ తప్ప మరొకటి గెలిచేది కాదు కాబట్టి, ఆ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, నెగ్గినవాడే గవర్నరు. ఆ ప్రైమరీలో ఓట్లకు బదులు యూనిట్లు లెక్కపెట్టేవారు. 159 కౌంటీలలో పెద్దవి ఎనిమిదింటికి ఆరేసి యూనిట్లు, తరవాతి ముప్పైకి నాలుగేసి, మిగిలిన 121 కౌంటీలకు రెండేసి, మొత్తం 410. మూడు చిన్న కౌంటీలు కలిస్తే అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీతో సమానం. 1960 నాటికి ఫుల్టన్‌లో రాష్ట్ర జనాభాలో 14.11 శాతం ఉండగా యూనిట్లలో దాని వాటా 1.46 శాతం. ఫుల్టన్‌లో ఒక్కో యూనిట్ వెనక 92,721 మంది ఉంటే, అన్నిటికన్నా చిన్నదైన ఎకోల్స్ కౌంటీలో 938 మంది ఉండేవారు. తేడా సుమారు తొంభై తొమ్మిది రెట్లు. టెక్సాస్ ప్రతిపాదనలో హారిస్‌కూ లవింగ్‌కూ మధ్య తేడా దాదాపు 74 వేల రెట్లు. జార్జియావాళ్లు నగరానికి కనీసం ఆరు రాళ్లయినా ఇచ్చారు.

ఆ యంత్రం ఎలా పనిచేసిందో చూడాలంటే 1946 ప్రైమరీని చూడాలి. దానికి రెండేళ్ల ముందు, 1944లో, ఇదే టెక్సాస్‌లోని హ్యూస్టన్ నుంచి వెళ్లిన స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్ కేసులో, నల్లవారిని ప్రైమరీల నుంచి వెలివేయడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు దారి చూపగా జార్జియాలో కూడా నల్లవారు 1946 ప్రైమరీలో పెద్ద సంఖ్యలో ఓటు వేశారు. జేమ్స్ కార్మైకేల్‌కు ఎక్కువ ఓట్లు వచ్చాయి. యూనిట్లలో మాత్రం 242 యూజీన్ టాల్మడ్జ్‌కు, 146 కార్మైకేల్‌కు. జాతి ద్వేషాన్ని బాహాటంగా ప్రచారం చేసిన టాల్మడ్జ్ గెలిచాడు. ట్రామ్ బండి తిరిగే కౌంటీ ఒక్కటీ తనకు అక్కర్లేదని అతను గొప్పలు పోయేవాడని చెబుతారు. ఆ పద్ధతిలో నిజంగానే అక్కర్లేకపోయింది. తలుపు దగ్గర ఆపలేకపోయిన ఓటరును తక్కెడ దగ్గర ఆపారు. ప్రమాణ స్వీకారానికి ముందే, ఆ డిసెంబరులో అతను చనిపోవడమూ, ముగ్గురు మనుషులు నేనంటే నేను గవర్నరునని కుర్చీ కోసం పెనుగులాడడమూ వేరే కథ.

1963 మార్చి 18న గ్రే వర్సెస్ శాండర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ యంత్రాన్ని ఎనిమిది ఒకటి తేడాతో కొట్టేసింది. ఓటర్ల పక్షాన కేంద్ర ప్రభుత్వ వాదన వినిపించడానికి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ స్వయంగా నిలబడ్డారు. సుప్రీంకోర్టులో ఆయన చేసిన వాదన అదొక్కటే. తీర్పు రాసిన జస్టిస్ విలియం డగ్లస్ రాజకీయ సమానత్వానికి ఉన్న ఒకే ఒక్క అర్థం ఒక మనిషికి ఒక ఓటేనని తేల్చారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలవారీగా ఓట్లు పంచే ఎలక్టోరల్ కాలేజీ ఉంది కదా, రాష్ట్రానికి ఉంటే తప్పేమిటి అన్న వాదన అప్పుడే వచ్చింది, అప్పుడే వీగిపోయింది. టెక్సాస్ ప్రతిపాదనను సమర్థించేవారు ఇప్పుడు సరిగ్గా అదే వాదన తెస్తున్నారు. రాష్ట్రాలు కలిసి దేశం ఏర్పడింది గానీ, కౌంటీలు కలిసి టెక్సాస్ ఏర్పడలేదు. కౌంటీ సరిహద్దు గీసేది రాష్ట్రమే, చెరిపేదీ అదే. 1964లో అలబామా మీద వచ్చిన రెనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ తీర్పులో చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్, చట్టసభ్యులు ప్రాతినిధ్యం వహించేది మనుషులకే గానీ చెట్లకో ఎకరాలకో కాదని రాసి ఆ దారిని ఇంకా మూసేశారు.

మిసిసిపీ నమూనా టెక్సాస్‌కు మరింత దగ్గరి చుట్టం, ఎందుకంటే అక్కడ కూడా రెండు తాళాలే. నల్లవారిని అధికారానికి దూరంగా ఉంచడానికే రాసుకున్న 1890 రాజ్యాంగంలో, గవర్నరు కావాలంటే ఓట్లలోనూ మెజారిటీ రావాలి, ప్రతినిధుల సభ నియోజకవర్గాలలోనూ మెజారిటీ గెలవాలి అని పెట్టారు. రెండూ కుదరకపోతే ఏమిటో వాళ్లు మాత్రం రాసుకున్నారు, ప్రతినిధుల సభ తేలుస్తుందని. 1999లో ఆ అవసరం వచ్చింది. రానీ మస్‌గ్రోవ్‌కు ఎక్కువ ఓట్లు వచ్చినా సగం దాటలేదు, 122 నియోజకవర్గాలు ఇద్దరికీ అరవై ఒకటి చొప్పున పడ్డాయి. 2000 జనవరిలో సభ్యులు ఓటు వేసి ఆయన్నే గవర్నరును చేశారు. చివరికి 2020 నవంబరులో మిసిసిపీ ఓటర్లే నూటికి డెబ్బై ఎనిమిది మందికి పైగా ఆ రెండో తాళాన్ని తీసేయమన్నారు. మిసిసిపీవాళ్లు పారేసిన నాలుగేళ్లలోపే శాన్ ఆంటోనియోలో దాన్ని ఎవరో దుమ్ము దులిపి బల్ల మీద పెట్టారు.

కొలరాడోలో 2022 గవర్నరు ప్రైమరీకి నిలబడ్డ గ్రెగ్ లోపెజ్ ఇలాంటిదే ఇంకొకటి చూపించి, ఆ ప్రైమరీలోనే ఓడిపోయారు. ఆయన చెప్పిన పద్ధతితో లెక్కవేస్తే, 2018లో పది శాతానికి పైగా తేడాతో గవర్నరుగా గెలిచిన జేరెడ్ పోలిస్ ఓడిపోయేవారు. మిస్సోరీలో రూపం వేరు. ప్రజలే సంతకాలు సేకరించి తెచ్చే రాజ్యాంగ సవరణలు నెగ్గాలంటే రాష్ట్రంలోని ఎనిమిది అమెరికా కాంగ్రెస్ నియోజకవర్గాలలో ప్రతి ఒక్కదానిలోనూ మెజారిటీ రావాలన్న నియమాన్ని ఓటర్ల ముందు పెట్టాలని అక్కడి చట్టసభ 2025 సెప్టెంబరులో తీర్మానించింది.

తెలుగు పాఠకులు ఇక్కడ నన్ను ఒక ప్రశ్న అడగవచ్చు, అడగాలి కూడా. నేను పుట్టిన మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గంలో 2019లోనే 31 లక్షలకు పైగా ఓటర్లు ఉంటే, లక్షద్వీప్‌లో అరవై వేలు కూడా లేరు. ఇద్దరికీ చెరో ఎంపీ. రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గరే నిలిచిపోయింది. జనాభాను అదుపు చేసుకున్న దక్షిణాది నష్టపోకూడదని మనమే గొంతెత్తుతున్నాం. మరి అక్కడ తలల లెక్క వద్దని, ఇక్కడ తలల లెక్కే కావాలని ఎలా అంటావు? ఈ ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. నాకు కనబడిన తేడా ఒకటే. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు సొంత ప్రభుత్వమూ భాషా ఉన్న రాష్ట్రాలు, సభలో సీట్ల పంపకం అన్నది వాటి మధ్య బేరం. ముఖ్యమంత్రి పదవికి జిల్లాకొక ఓటు అని పెట్టి, హైదరాబాదుకు ఒకటి, ములుగుకు ఒకటి ఇద్దామని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు. అంటే ఒప్పుకునేవారెవరో నాకు తెలియదు. ఆ మాట అన్నాక కూడా, మల్కాజిగిరి తక్కెడకు ముద్ర వేయించవలసిన రోజు దాటిపోయిందని ఒప్పుకుంటాను.

ఇక నక్షత్రాలు. ఇప్పుడున్న సేవకు అయిదింటికి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి తగ్గించింది వరసకూ, బోర్డు లేనందుకూ, మా అత్తగారికి చదవగల బ్యాలెట్టు లేనందుకూ. ప్రతిపాదిస్తున్నదానికి ఒకటి, అదీ సున్నా ఇచ్చే వీలు లేదు కాబట్టి. పల్లెలకు గొంతు ఇస్తామని పైన చీటీ అంటించారు, లోపల ఉన్నది పల్లెకు ఆసుపత్రీ కాదు, రోడ్డూ కాదు, డాక్టరన్నయ్య ఓటుకు విలువ అంతకన్నా కాదు. గొంతే కావాలంటే చిన్న కౌంటీలకు ప్రసూతి వార్డుల కోసం డబ్బు కేటాయించే బిల్లు తెమ్మనండి, దానికి హ్యూస్టన్ ఓటరుగా ఎవరైనా అడ్డు చెబితే అప్పుడు వాళ్ల మీద ఇంతకన్నా ఘాటుగా సమీక్ష రాస్తాను.

ఈ సరుకు ఎప్పటికి చేతికొస్తుందని అడిగేవారికి ఒక మాట. టెక్సాస్ రాజ్యాంగాన్ని సవరించాలంటే ప్రతినిధుల సభలో 150కి 100, సెనేట్‌లో 31కి 21 ఓట్లు కావాలి. 2024 ఎన్నికల తరవాత రిపబ్లికన్లకు అక్కడ 88, ఇక్కడ 20 స్థానాలు వచ్చాయి. ఆ గడప దాటినా, చివరి మాట ఓటర్లదే. రాష్ట్రం మొత్తం మీద మామూలు మెజారిటీ చాలు, కౌంటీల లెక్క ఉండదు. కాబట్టి ఆ ఒక్క రోజున హారిస్‌లోని నలభై ఏడు లక్షల మందిలో ఓటున్న ప్రతివాడూ, లవింగ్‌లోని అరవై నలుగురిలో ఓటున్న ప్రతివాడూ పాత రాయితోనే తూగుతారు.